రబ్బరు వాడని మనిషి

మంగళవారం పొద్దున పదకొండుంబావు. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తోందని అక్కడి అటెండరు అన్నాడు కాబట్టి పదకొండూ పది అని రాసుకున్నా తప్పులేదు. ఆ వేళకి, మున్సిపల్ ఆఫీసు మేడ మీది గదిలో, మా అందరి ఎదుటా ఆయన "అన్నీ ఊహించి గీసినవేనండీ" అన్నాడు.

అది జరిగి రెండేళ్లు. ఆయన పోయి నెల. పోయిన ఆదివారం ఆయన బొమ్మలన్నీ ఒక హాల్లో గోడలకి తగిలించి సభ పెట్టారు. నన్ను పిలిచి మైకు చేతికిచ్చారు. ఇచ్చిన మైకుని మధ్యలో తీసుకున్నారు. చెప్పాల్సింది నోట్లోనే మిగిలిపోయింది. అందుకని రాస్తున్నాను. నాకు రాత యాభై ఎనిమిదో ఏట వచ్చింది. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. విషయంలో తప్పు లేదు.

ఆయన పేరు రాయను. ఊరు పేరూ రాయను. పల్నాడులో ఒక టౌను అనుకోండి, చాలు. తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి ఆ పేర్లతో పని లేదు. మేం ఆయన్ని బొమ్మలాయన అనేవాళ్లం. కోటేశ్వరమ్మ మాత్రం అయ్యోరూ అనేది. బళ్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు కాబట్టి ఆమె అన్నదే సరైంది.

నేను దూదేకులవాణ్ణి. బస్టాండు రోడ్డులో గోడ వారగా చాప పరుచుకుని పరుపులు కుట్టేవాణ్ణి. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్లీ నింపి దబ్బనంతో కుట్టివ్వడం నా పని. బూరుగు దూది ఉన్నవాళ్లు తెచ్చుకునేవాళ్లు, లేనివాళ్లకి చిలకలూరిపేట మిల్లుల్లో మిగిలిన దూది నేనే తెచ్చేవాణ్ణి. నా పక్కన కోటేశ్వరమ్మ పూలబుట్ట. ఆవల ఏసోబు, చెప్పులు కుడతాడు. మా ముగ్గురికీ ఎదురుగా నాగులు టీ బండి. ఆ రోడ్డులో మేం నలుగురం ముసలివాళ్లమయ్యాం.

ఒకరోజు నాగులు బండి పక్కన నాపరాయి మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, చేతులు మడవలేదు, ఎడమ చేతి మణికట్టు దగ్గర సిరా మరకలు. నా వైపు చూస్తాడు, నోటుబుక్కులో ఏదో రాస్తాడు. మళ్లీ చూస్తాడు, మళ్లీ రాస్తాడు. కాగితం, పెన్ను, చూపు. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఆ రోడ్డులో ఎవడికైనా జరిమానా గుర్తొస్తుంది. విల్లు పక్కన పెట్టి, గడ్డంలో దూది కూడా దులుపుకోకుండా పోయాను.

"ఏందయ్యా రాస్తన్నావ్?"

"ఏం రాయట్లా."

"నేను ఇవాళే కూర్చున్నా సారూ. రేపు కనపడితే అడుగు. మాది బెల్లంకొండ పక్క. సాయంత్రం బస్సుకి పోతా."

ఆయన నవ్వలేదు. బొటనవేలు నాలిక మీద తడుపుకుని నోటుబుక్కు వెనక్కి తిప్పాడు. ఒక కాగితం. నేను. ఇంకో కాగితం. నేనే, పరుపు మీద మోకాలేసి. ఇంకోటి. నేనే, అన్నం తింటూ.

"ఇది నిన్న. ఇది మొన్న. ఇది పోయిన శుక్రవారం. మరి ఆ మూడు రోజులూ ఎవరొచ్చారు, మీ తమ్ముడా?"

బండి వెనక నుంచి నాగులు పగలబడి నవ్వాడు. "దొరికిపోయావు మామా! ఇన్నేళ్లకి ఒకడికి దొరికావు!"

ఆ మాట గురించి చెప్పాలి. "ఇవాళే కూర్చున్నాం సార్" అనేది మా రోడ్డులో అందరికీ నోటికొచ్చిన మాట. కాగితం పట్టుకుని ఎవరు వచ్చినా అదే చెప్పేవాళ్లం. రోజూ కూర్చుంటున్నామంటే జరిమానా వేస్తారని, తక్కెడ ఎత్తుకుపోతారని భయం. ఇవాళే అంటే పోనీలే అని తిట్టి వదిలేసేవాళ్లు. ఇరవై ఏళ్లుగా అక్కడే పూలు కడుతున్న కోటేశ్వరమ్మ కూడా చేతిలో దండ ఆపకుండా "ఇవాళే నాయనా" అనేది. అబద్ధమని మాకు అనిపించేదే కాదు.

ఆయన చూపించిన ఆ మొదటి బొమ్మ గురించి ఇంకా చెప్పాలి. నేను విల్లు పట్టుకుని ఉన్నాను, చుట్టూ దూది లేస్తోంది. కానీ ఆయన దూదిని గీయలేదు. నన్ను గీశాడు, గోడని గీశాడు, నా వెనకాల పోతున్న లారీని గీశాడు. వాటి గీతలు ఒకచోటికి వచ్చి ఆగిపోయాయి. ఆగినచోట ఉత్త తెల్లకాగితం. అదే దూది. నేను ఆ కాగితం చేత్తో తడిమాను, పిచ్చివాడిలాగా. పుట్టిన దగ్గర్నుంచి దూదిలో ఉన్నవాణ్ణి, దూదిని ఎవరైనా అట్లా పట్టుకోగలరని నాకు తెలియదు.

ఆ తర్వాత ఆయన రోజూ వచ్చేవాడు. టీని సాసరులో పోసుకుని ఆఖరి గుక్క వదిలేసేవాడు. ఆ వదిలేసిన గుక్క మీద నాగులుకి ఆయనకీ రోజూ తగువు.

"అడుగున ఏమన్నా విషం కలిపానా అయ్యా?"

"అడుగున నీ టీపొడుందిరా. నువ్వు తాగు."

బొమ్మ గీయడం పాదాల నుంచి మొదలుపెట్టేవాడు. అందరూ ముఖం దగ్గర మొదలుపెడతారట. "ముందు నిలబడాలి గదా. నిలబడ్డాక ముఖం అదే వస్తుంది" అనేవాడు. నేను సర్దుకుని బిగుసుకుని కూర్చుంటే కసిరేవాడు. "కదలొద్దని నేనన్నానా? కదులు. నీ పని నువ్వు చూసుకో. నిన్ను ఫొటో తీయట్లా." కుడికన్ను మూసి ఎడమకన్నుతో చూసేవాడు. పెన్ను కాగితం మీద పెట్టాక అంత తొందరగా ఎత్తేవాడు కాదు. కాళ్ల నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకి, అక్కణ్ణుంచి చేతికి ఒకటే గీత పోయేది.

రబ్బరు ఉండేది కాదు. పెన్సిలూ ఉండేది కాదు. సిరాపెన్నే. గీత తప్పు పోతే దాని పక్కనే ఇంకోటి గీసేవాడు. అట్లా రెండు మూడు గీతలు పడ్డచోట మనిషి నిజంగా కదులుతున్నట్టు ఉండేది. ఒకసారి అడిగాను.

"తప్పుని అట్టా ఉంచేస్తావేంది?"

"అది కూడా నేను చూసిందే గదా మస్తాన్. ముందు అట్టా చూశా, తర్వాత ఇట్టా చూశా. తుడవడానికి నేనెవర్ని?"

ఆ మాటని నేను చానాళ్లు మోశాను. పరుపులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా చెప్పేవాణ్ణి.

కోటేశ్వరమ్మ మూర కొలిచే బొమ్మ ఉంది. మోచేతి నుంచి వేళ్ల కొన దాకా ఒక్క గీత, దాని మీద సన్నగా మల్లెమొగ్గలు. కొనడానికి వచ్చినావిడ కళ్లు మాత్రం ఆ చేతి మీద ఉంటాయి, మూర తగ్గిందేమోనని. ఏసోబుని గీసినప్పుడు ముఖమే గీయలేదు. వంగిన తల, మెడ మీద ఎముకలు. ఏసోబు చూసి "నా వెనక నాకిట్టా ఉంటదని ఇన్నాళ్లూ తెలవదు" అన్నాడు. వానలో బస్టాండు షెడ్డు కింద నిలబడ్డ జనం బొమ్మ ఇంకోటి. ఇరవై ముప్పై వీపులు, అన్నీ మాచర్ల బస్సు వచ్చే వైపే తిరిగి ఉన్నాయి. బస్సు బొమ్మలో లేదు. అయినా రాలేదని తెలుస్తుంది, ఆ వీపుల్ని చూస్తే.

ప్రతి బొమ్మ కింద ఒక వరస రాసేవాడు.

"ఏం రాశావయ్యా కింద?"

"చదువుకో."

"నాకు రాదుగా."

"అయితే నేర్చుకో. నాకేం తొందర లేదు."

నాకు రోషం వచ్చింది. నేర్పమంటే నేర్పను అన్నాడు. రిటైరయ్యాను, పాఠాలు చెప్పే పని అయిపోయింది అన్నాడు. ఎదురుగా బస్సులుండగా మాస్టారెందుకు అన్నాడు. సరే అని బస్సు బోర్డులు పట్టుకున్నాను. ఏ బస్సు ఎక్కడికి పోతుందో కండక్టరు కేకని బట్టి ముందే తెలుసు, ఇక దాని బోర్డు మీద అక్షరాలు ఏంటో పోల్చుకోవడమే. గురజాల వారంలో వచ్చింది. మాచర్లకి ఇంకో వారం. నాదెండ్ల దగ్గర చానా రోజులు ఆగిపోయాను. తర్వాత నాగులు బజ్జీలు చుట్టే పాత పేపర్లు. కూడబలుక్కుని చదువుతుంటే కోటేశ్వరమ్మ ఎగతాళి చేసేది, "ఒరేయ్ తమ్ముడూ, కలెక్టరు ఉద్యోగం వస్తే నన్ను మర్చిపోవాకు" అని.

ఏడాది పైన పట్టింది. ఒకరోజు ఆయన చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని నా బొమ్మ కింద వేలు పెట్టి చదివాను. "బుధవారం. సాయంత్రం నాలుగు. బస్టాండు రోడ్డు. దూది ఎగురుతోంది, మనిషి నవ్వడం లేదు."

"నవ్వట్లేదంటా! పని చేసేటప్పుడు నవ్వేదేంది, నేనేమన్నా సినిమావాణ్ణా?" అన్నాను. ఆయన నోటుబుక్కు తీసుకుని, "ఇంక నీ దగ్గర జాగర్తగా రాయాల" అన్నాడు. అంతే. మెచ్చుకోలేదు. కానీ ఆ రోజు టీ ఆఖరి గుక్క దాకా తాగాడు.

ఇప్పుడు ఆ మంగళవారం దగ్గరికి వస్తాను.

రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. అంతకు ముందు ఇద్దరు పిల్లకాయలు ఫారాలు పట్టుకుని వచ్చి ఎన్నేళ్ల నుంచి కూర్చుంటున్నారు అని అందర్నీ అడిగారు. కోటేశ్వరమ్మ "ఇవాళే నాయనా" అంది. ఏసోబు "ఇవాళే" అన్నాడు. నాగులు బండికి చక్రాలున్నాయి కాబట్టి "ఇప్పుడే తోసుకొచ్చా" అన్నాడు. నేనూ అదే అన్నాను. వాళ్లు ముగ్గురూ వేలిముద్ర వేశారు. నేను సంతకం పెట్టాను. కొత్తగా వచ్చిన సంతకం గదా, ఎక్కడన్నా పెట్టాలని చెయ్యి దురదగా ఉండేది. మొదటి సంతకం ఆ అబద్ధం కింద పెట్టాను.

ఆ సర్వే జరిమానాకి కాదు. రోడ్డు వేశాక అదే రోడ్డు మీద షెడ్లు కట్టి, ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకి ఇవ్వడానికి. నిజం చెప్పినవాళ్లకి షెడ్డు కార్డులు వచ్చాయి. రోడ్డు ఆ చివర పండ్లబళ్ల వాళ్లందరికీ వచ్చాయి. మా నలుగురికీ రాలేదు. అది మా తప్పే. దానికి ఎవరినీ అనను.

అర్జీ పెట్టుకుంటే సాక్ష్యం ఏదన్నా ఉంటే తీసుకుని మంగళవారం రమ్మన్నారు. కరెంటు బిల్లు లేదు, రసీదు లేదు. ఏముంది మా దగ్గర? కోటేశ్వరమ్మకే తట్టింది. "అయ్యోరి నోటుబుక్కులు ఉండయ్ గదరా. రోజూ గీశాడు మనల్ని. రోజుతో సహా రాశాడు."

ఆయన ఇంటికి పోయి అడిగాము. వెంటనే ఒప్పుకున్నాడు. "దాందేముంది. చూసిందే గదా నేను గీసింది" అన్నాడు. అడిగింది మేమే కానీ, వస్తానన్నది ఆయనే. ఇది గుర్తుపెట్టుకోండి.

కోటేశ్వరమ్మకి అప్పటికే మోకాళ్లు పోయాయి. ఒకచోట కూర్చుని అమ్ముకోగలదు గానీ బుట్ట నెత్తిన పెట్టుకుని తిరగలేదు. షెడ్డు రాకపోతే నాకు కొంచెం నష్టం, ఏసోబుకి కొంచెం నష్టం. ఆమెకి మాత్రం బతుకే. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ మోకాళ్లని ఎన్నిసార్లు గీశాడో.

ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సంచిలో ఆరు నోటుబుక్కులు, ఒక్కోదాని అట్ట మీద ఏ ఏడాదిదో రాసి ఉంది. గదిలో ఆఫీసరమ్మ, చిన్న వయసు, మర్యాదగానే మాట్లాడింది. పక్కన గుమాస్తా.

"సర్వేలో ఇవాళే వచ్చామని మీరే చెప్పారు. ఇదిగో వేలిముద్ర" అంది ఆఫీసరమ్మ.

"భయపడి చెప్పామమ్మా" అంది కోటేశ్వరమ్మ. "ఎవరొచ్చినా అట్టాగే చెప్తాం."

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మాలి?"

అప్పుడు నేను లేచాను. నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టి, కింద రాసింది గట్టిగా చదివాను. "శనివారం. పొద్దున తొమ్మిది. బస్టాండు రోడ్డు. వాన వచ్చేలా ఉంది, పూలావిడ గొడుగు తెచ్చుకోలేదు." నలుగురిలో నేను చదవడం అదే మొదలు. ఇంకోటి చదివాను. ఇంకోటి. ఆఫీసరమ్మ బొమ్మలోని మనిషినీ బెంచీ మీది మనిషినీ మార్చి మార్చి చూసి "అచ్చం ఈమే!" అంది. ఏసోబు మెడ చూసి నవ్వింది. పని అయిపోయిందనుకున్నాము. నాగులు నా నడుము మీద పొడిచాడు సంతోషంతో.

ఆమె తనే కాగితాలు తిప్పడం మొదలుపెట్టింది. ఒక బొమ్మ దగ్గర ఆగింది.

ఆ బొమ్మ నాకు తెలుసు. ఒకరోజు మున్సిపాలిటీ వాళ్లు ట్రాక్టరు తెచ్చి మా సామాన్లు ఎత్తి పడేశారు. కోటేశ్వరమ్మ బుట్ట బోర్లా పడి ఉంటుంది, పూలు చక్రం కింద. ఆమె రెండు చేతులూ గాల్లో. ట్రాక్టరు పక్కన ఒకడు ప్యాడు పట్టుకుని నిలబడి, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ ఉంటాడు. ఆ మనిషిని నాలుగు గీతల్లో దించాడు. దిగిన భుజం, పక్కకి పోయిన దవడ, గుండీల మధ్య చొక్కా విచ్చుకున్న పొట్ట. చూసినవాళ్లెవరూ పొరబడరు. ఆ మనిషి ఇప్పుడు ఆఫీసరమ్మ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ గుమాస్తానే.

ఆఫీసరమ్మ బొమ్మని చూసింది. గుమాస్తాని చూసింది. గుమాస్తా బొమ్మని చూశాడు, తర్వాత ఆయన్ని చూశాడు. చూశాడంతే.

"ఇది కూడా చూసి గీసిందేనా మాస్టారూ?" అంది ఆఫీసరమ్మ. గద్దించలేదు. మామూలుగా అడిగింది.

ఆయన సంచి ఒళ్లోకి తీసుకున్నాడు. "అది... అది ఊహండీ."

"ఊహా?"

"బొమ్మ రక్తి కట్టాలని."

"మరి మిగతావి?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. బల్ల అంచు వైపు చూశాడు.

"అన్నీ ఊహించి గీసినవేనండీ. బొమ్మలంటే అంతే కదండీ."

"ఈ రోజులు, టైములూ?"

"అదొక అలవాటండీ. తోచింది రాస్తాను."

కోటేశ్వరమ్మకి ఊహ అంటే ఏంటో మొదట అర్థం కాలేదు. ఏసోబు చెవిలో చెప్పాడు. అప్పుడు ఆమె బెంచీ మీద నుంచే అడిగింది. "అయ్యోరూ. నా బుట్ట కూడా ఊహేనా?"

ఆఫీసరమ్మ నోటుబుక్కు మూసి, జాగ్రత్తగా రెండు చేతులతో ఆయనకి ఇచ్చింది. "చాలా బాగున్నాయండీ" అంది.

బాగున్నాయి. అదే వచ్చిన చిక్కు. ఆ గుమాస్తా పోలిక అంత బాగా కుదరకపోయి ఉంటే మాకు షెడ్లు వచ్చేవి.

మెట్ల కింద ఆయన చెప్పులేసుకుంటుంటే ఏసోబు అన్నాడు, "ఆ చెప్పులు నేను మూడుసార్లు కుట్టా సారూ. అది కూడా ఊహే అనుకుని తొడుక్కో." నా నోట్లో అప్పటిదాకా గట్టిగా చదివిన మాటలే ఉన్నాయి. తప్పు గీతని కూడా తుడవనన్న మనిషి, ఇన్నేళ్ల గీతల్ని ఒక్క మాటతో తుడిచిపెట్టాడు. ఆయన మాటలు చదవడానికే నేను అక్షరాలు నేర్చుకున్నాను. నలుగురి ముందు నేను మొదటిసారి చదివినవి తోచినట్టు రాసినవని ఆయనే చెప్పాడు.

ఆలోచించకుండా తిడుతున్నాననుకోవద్దు. అబద్ధం మేమూ చెప్పాము. భయపడే చెప్పాము. కానీ మా అబద్ధం మా కొంపలే ముంచింది. ఆయన భయం ఖరీదు వేరేవాళ్లు కట్టారు.

మమ్మల్ని సంత వెనక ఖాళీ స్థలంలోకి పొమ్మన్నారు. అటు మనుషులు రారు. కుక్కలు వస్తాయి, గురువారం సంతనాడు గొర్రెలు వస్తాయి. నాగులు బండి అమ్మేసి చిలకలూరిపేట హైవే మీద హోటల్లో చేరాడు. ఏసోబు ఇంటి అరుగు మీద కుడుతున్నాడు. నేను ఆ స్థలంలోనే ఒక రేకు వేసుకున్నాను.

అక్కడికి ఒకసారి వచ్చాడు ఆయన. ఆరు నెలల తర్వాత. బాగా చిక్కిపోయాడు. ఎదురుగా రాయి ఒకటి చూసుకుని కూర్చున్నాడు. నోటుబుక్కు తీశాడు. పెన్ను తీశాడు. కుడికన్ను మూశాడు.

"ఇంటి దగ్గర కూర్చుని గీసుకోరాదూ" అన్నాను. "ఊహించుకోవడానికి ఇంత దూరం రావడమెందుకు?"

పెన్ను మూత పెట్టేశాడు.

"మా అల్లుడు ఆ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం మస్తాన్. ఆ గుమాస్తా చేతికిందే."

"ఆ సంగతి సోమవారం తెలవదా నీకు? మంగళవారం తెలిసిందా?"

"గీసేటప్పుడు భయం లేదు. అడిగినప్పుడే వచ్చింది."

"అయితే నువ్వు రాకుండా ఉండాల్సింది. నోటుబుక్కులు నాకిచ్చి జొరమొచ్చిందని ఇంట్లో పడుకుంటే సరిపోయేది. బొమ్మలే మాట్లాడేయి. నువ్వొచ్చి వాటి నోరు మూశావు."

ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టు ఊపాడో, ఇంకెందుకో తెలియదు. లేచి, చేతిలో ఉన్న నోటుబుక్కు నా వైపు చాపాడు. ఉంచుకో అన్నట్టు. నేను దబ్బనంలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. చెయ్యి చాపలేదు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అంతే, మళ్లీ చూడలేదు. ఆ రోజు తీసుకోవాల్సిందా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన తీసుకునేవాణ్ణి కాదు.

పోయిన ఆదివారం ఆయన కూతురు మనిషిని పంపింది. పోదామా వద్దా అనుకుంటూనే పోయాను. అద్దాల చట్రాల్లో మా రోడ్డంతా గోడల మీద ఉంది. మూర కొలిచే చెయ్యి. ఏసోబు మెడ. బస్సు కోసం చూసే వీపులు. ఇప్పుడక్కడ ఆ గోడ లేదు, నాపరాయి లేదు, మేం లేము. రోడ్డు తారుతో నున్నగా ఉంది. అదంతా ఈ చట్రాల్లో మిగిలింది. నా బొమ్మ ముందు చానాసేపు నిలబడ్డాను. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మనిషి మీద వచ్చిన కోపం గీత మీదకి రాదేంటి? నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే. మోసం చేసినవాడి పని చెడ్డగా ఉంటే ఎంత బాగుండేది.

ట్రాక్టరు బొమ్మ కోసం గోడలన్నీ వెతికాను. లేదు. కూతుర్ని అడిగితే, "ఆ నోటుబుక్కులో ఒక పేజీ చింపేసి ఉంది బాబాయ్. నాన్నే చింపి ఉంటారు" అంది.

ఎక్కడి నుంచో వచ్చినాయన ఒకరు మైకులో, "ఈ కళాకారుడు కంటితో చూడని గీత ఒక్కటి కూడా గీయలేదు" అన్నాడు. చప్పట్లు. కూతురు నా చెయ్యి పట్టుకుంది. "బొమ్మలన్నీ పుస్తకం వేస్తున్నాం బాబాయ్. వీళ్లంతా నిజంగా ఉన్న మనుషులేనని మీరొక్క మాట చెప్తే చాలు." ఆ పిల్లకి ఏమీ తెలియదు. తెలిసి అడగలేదు.

మైకు పట్టుకున్నాను.

"ఆ దూదేకేవాణ్ణి నేనే. ఆయన చూసే గీశాడు. ఊహించి గీసింది ఒక్కటీ లేదు."

చప్పట్లు బాగా కొట్టారు. ఆగేదాకా ఆగాను.

"ఇదే మాట ఆయన్ని ఒక మంగళవారం అడిగారు. కాదన్నాడు. మా కోటేశ్వరమ్మ అప్పుడు..."

సభ నడిపే కుర్రవాడు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "పెద్దాయన బాగా ఉద్వేగంలో ఉన్నారు" అని మైకు తీసుకున్నాడు. నీళ్లిచ్చి కూర్చోబెట్టారు. తర్వాత ఎవరో పాట పాడారు.

నాకు ఉద్వేగం లేదు. సాక్షులు ఉన్నారు. అనుమానం ఉన్నవాళ్లు పోయి అడగొచ్చు. ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు. బల్ల వెనక ఆఫీసరమ్మ శ్రీలక్ష్మి గారు, పేరు బల్ల మీది చెక్కపై రాసి ఉంటే చదివాను, ఇప్పుడు బదిలీ అయ్యారు. ఆమె పక్కన గుమాస్తా రమణయ్య, ఆ ఆఫీసులోనే ఉన్నాడు. తలుపు దగ్గర అటెండరు బాజీ. బెంచీ మీద టీ బండి నాగులు, చెప్పులు కుట్టే ఏసోబు. నిలబడి చదివిన నేను, మస్తాన్. నా పక్కన కుర్చీలో ఆయన. బెంచీకి ఆ చివర, మోకాళ్లు చాపుకుని కోటేశ్వరమ్మ. ఆమెని అడగాలంటే పొద్దున ఆరు లోపల ఇంటికి వెళ్లండి. ఆ తర్వాత బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లోకి పోతుంది, ఎక్కడుంటుందో చెప్పలేము.